నీట్ లాంగ్ టర్మ్: మన నెల్లూరు, ప్రకాశంలో వినిపించే అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో లాంగ్ టర్మ్ పిల్లలకి, అంటే ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష నీట్‌ని మళ్లీ రాయడానికి ఏడాది కోచింగ్ తీసుకునేవాళ్లకి, ఫిజిక్స్ చెబుతాను. నీట్ ఫలితాలు రాగానే కావలి, ఆత్మకూరు, కందుకూరు, దర్శి వైపు నుంచి తల్లిదండ్రులు వస్తారు. "సార్, ఇంకో ఏడాది కూర్చోబెట్టమంటారా?" అని అడుగుతారు. నేను ఓఎంఆర్ (జవాబులు దిద్దిన షీటు) కాపీ, ప్రశ్నపత్రం తెచ్చారా అని అడుగుతాను. చాలామంది దగ్గర ర్యాంకు కార్డు ఒక్కటే ఉంటుంది, మిగతాదంతా చుట్టాలూ పక్కింటివాళ్లూ చెప్పిన మాటలు.

అపోహ: నీట్ రెండుసార్లకు మించి రాయనివ్వరు, వయసు దాటితే కుదరదు.

ఇది ఎంపీసీ వాళ్ల దగ్గర నుంచి వచ్చిన మాట. జేఈఈ అడ్వాన్స్‌డ్‌ రెండు అటెంప్టులే. నీట్‌కి అలాంటి లెక్క లేదు. జనరల్‌కి 25, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 30 అనే గరిష్ఠ వయసు నిబంధనను 2022లో తీసేశారు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 నిండితే చాలు.

అపోహ: రెండోసారి రాసినవాళ్లని కౌన్సెలింగ్‌లో వెనక్కి నెడతారు.

లేదు. ఎన్నోసారి రాశారన్నది ర్యాంకులో ఎక్కడా కనపడదు. ఇద్దరికి సమానంగా మార్కులొస్తే ముందు బయాలజీ, తర్వాత కెమిస్ట్రీ, ఆ తర్వాత ఫిజిక్స్ మార్కులు చూస్తారు. ఇంటర్ మార్కులు కూడా ర్యాంకులో కలవవు. ఎంసెట్ రోజుల్లో ఇంటర్‌కి 25 శాతం వెయిటేజీ ఉండేది కాబట్టి పెద్దవాళ్లకి ఆ భయం ఇంకా పోలేదు. జనరల్ పిల్లలకి ఇంటర్ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకి 40 శాతం ఉంటే సరిపోతుంది. ఇంప్రూవ్‌మెంట్ రాయించడానికి పరిగెత్తకండి.

అపోహ: ఇంకో ఏడాది కూర్చుంటే మార్కులు వాటంతట అవే పెరుగుతాయి.

నా దృష్టిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. 180 ప్రశ్నలు, 720 మార్కులు. బయాలజీ 360, ఫిజిక్స్ 180, కెమిస్ట్రీ 180. ఒక అమ్మాయికి బయాలజీలో 300, కెమిస్ట్రీలో 90, ఫిజిక్స్‌లో 40, మొత్తం 430 వచ్చాయనుకుందాం. లాంగ్ టర్మ్‌లో చేరాక ఆ అమ్మాయి ఏం చదువుతుంది? బయాలజీ! బాగా వచ్చిన సబ్జెక్టు చదువుతుంటే మనసుకి హాయిగా ఉంటుంది, వారం టెస్టులో మార్కులూ కనిపిస్తాయి. కానీ అది నిండిన కుండలో మళ్లీ నీళ్లు పోయడమే. అక్కడ ఏడాదంతా చదివినా పెరిగేది కొంచెమే.

ఫిజిక్స్ 40 ఎలా వచ్చిందో చూడండి. సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి ఒకటి పోతుంది. 16 సరైనవి, 24 తప్పులు అయితే 64లోంచి 24 పోయి 40. అదే 27 సరైనవి, 8 తప్పులు చేస్తే వంద. అంటే ఇంకో పదకొండు బిట్లు. దీనికి పుస్తకం మొత్తం మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు. ఆ 24 తప్పులు ఎందుకు జరిగాయో తెలిస్తే దారి దొరుకుతుంది. కాన్సెప్ట్ రాలేదా, కాన్సెప్ట్ వచ్చి లెక్కలో దశాంశం జారిందా, ప్రశ్న సగం చదివి ఆప్షన్ పెట్టేశారా, చివరి పది నిమిషాల్లో ఏదో ఒకటి నింపారా? ఒక్కోదానికి మందు వేరు. ప్రశ్నపత్రం ఇంటికి తెచ్చుకోనిస్తారు. ఓఎంఆర్ స్కాన్ కాపీని నీట్ నిర్వహించే ఎన్‌టీఏ తన వెబ్‌సైట్‌లో కొద్ది రోజులే ఉంచుతుంది, అప్పుడే దించుకోవాలి. ఈ రెండూ ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది, ఇంకో ఏడాది పెట్టుబడి పెట్టొచ్చా లేదా అని. తప్పుల్లో ఎక్కువ భాగం లెక్క తప్పులూ తొందరపాటూ అయితే నేను ధైర్యంగా చేర్చమంటాను. మూడు సబ్జెక్టుల్లోనూ కాన్సెప్టే రాలేదంటే, పైగా ఆ అబ్బాయికే రాయాలని లేదంటే, తండ్రి ఎంత పట్టుబట్టినా వద్దంటాను.

అపోహ: పోయినేడు ఇన్ని మార్కులకి సీటొచ్చింది, మనకీ అన్ని వస్తే చాలు.

2024లో 720కి 720 తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. 2025లో ఫిజిక్స్ కష్టంగా వచ్చింది, దేశంలో మొదటి మార్కే 686. జనరల్ అర్హత మార్కు కూడా 162 నుంచి 144కి దిగింది. అందుకే మార్కు చూడకండి, మీ కేటగిరీలో పోయినేడు ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చూడండి.

అపోహ: హైదరాబాద్‌లో లాంగ్ టర్మ్ చేస్తే లోకల్ (స్థానిక అభ్యర్థుల కోటా) పోతుంది.

పోదు. లోకల్ లెక్క ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ఆగిపోతుంది, ఆ తర్వాత ఎక్కడ కోచింగ్ తీసుకున్నా సంబంధం లేదు. మన దగ్గర అసలు చిక్కు వేరే ఉంది. నెల్లూరు ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ) పరిధి, ప్రకాశం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) పరిధి. ఒంగోలు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఒక లోకల్‌లో, నెల్లూరు ఏసీఎస్ఆర్ కాలేజీ ఇంకో లోకల్‌లో ఉన్నాయి. దర్శిలో పది దాకా చదివి నెల్లూరు హాస్టల్‌లో ఇంటర్ చేసిన పిల్లవాడు ఎక్కడి లోకల్? ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు ఒకేచోట లేవు కాబట్టి ఏడేళ్లు చూస్తారు. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు ప్రకాశం, రెండేళ్లు నెల్లూరు, కాబట్టి ఏయూ లోకల్. స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చి పెట్టుకోండి. కందుకూరు వైపు వాళ్లు జిల్లా మార్పులని చూసి సొంతంగా ఊహించుకోకుండా ఆ ఏడాది ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ చదవండి.

అపోహ: అన్నయ్య మెటీరియల్ ఉంది, అదే చాలు.

2024 నుంచి సిలబస్ తగ్గింది. సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, జీర్ణక్రియ లాంటి పాఠాలు పోయాయి. సిలబస్ కాగితం పక్కన పెట్టుకుని చూశాకే పాత పుస్తకం తెరవండి.

అపోహ: ఈసారి సీటు రాకపోతే వెంటనే విదేశాలకి వెళ్లిపోవాలి, లేకపోతే స్కోరు వృథా.

ఏజెంట్లు చెప్పే మాట ఇది. మన దేశంలో ప్రవేశానికి నీట్ స్కోరు ఆ ఏడాదికే. విదేశాల్లో ఎంబీబీఎస్‌కి మాత్రం అర్హత మూడేళ్లు చెల్లుతుంది. ఇప్పుడు అర్హత వచ్చిన పిల్లవాడు ఒక ఏడాది లాంగ్ టర్మ్ చేసినా ఆ దారి మూసుకుపోదు. అర్హతే రానివాళ్లకి విదేశీ సీటు తీసుకున్నా ఉపయోగం లేదు, ఇక్కడ మేనేజ్‌మెంట్ సీటూ రాదు. ఫీజు అడ్వాన్స్ కట్టించుకునే ముందు ఈ మాట ఎవరూ చెప్పరు.