తలుపు సందులోంచి తుర్రుమనే కుక్క

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తలుపు జానెడు తీస్తాం. ఆ సందు చాలు, మా కుక్క చిట్టి నా కాళ్ల మధ్యనుంచి దూరి, మెట్లు దిగి, రోడ్డెక్కేసేది. వెనకాలే చెప్పులు కూడా వేసుకోకుండా నేను. ఒకరోజు దానికి రెండడుగుల దూరంలో నీళ్ల ట్యాంకర్ బ్రేకు వేసింది. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఎంత చెప్పినా వినని మొండిది అనుకునేదాన్ని. నిజానికి అది పాఠం బాగానే నేర్చుకుంది. నేర్పింది మా తలుపే.

1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రయోగాలను ప్రచురించాడు. ఆకలిగా ఉన్న పిల్లిని ఒక పెట్టెలో పెట్టేవాడు. లోపల తాడు లాగితేనో, మీట తొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. బయట తిండి ఉంటుంది. పిల్లి మొదట గీరేది, కొరికేది, చివరికి ఎలాగో అనుకోకుండా మీట మీద కాలు పడేది. మళ్లీ మళ్లీ పెడుతుంటే బయటపడే సమయం తగ్గుతూ వచ్చింది. మంచి ఫలితం ఇచ్చిన పనిని జంతువు మళ్లీ చేస్తుందన్న ఈ సంగతినే మన బీఈడీ పుస్తకాల్లో ‘ఫలిత నియమం’ అంటారు. చిట్టికి ఆ మీట తలుపు సందే. దూరితే చాలు, వాసనలు, పిల్లులు, చెత్తకుండీ, పక్కవీధి కుక్కలు, అన్నీ ఒక్కసారిగా దొరికేవి. నేను చేతిలో పట్టుకుని ఊపే బిస్కెట్ వాటి ముందు ఏపాటి?

పైగా నేను చేసిన పొరపాటు ఇంకొకటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు కాలు అడ్డం పెట్టి ఆపేదాన్ని, ఒకసారి జారిపోయేది. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతి కోసం చేసే పనిని మాన్పించడం చాలా కష్టమని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలు, ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. ఆ పదోసారే చిట్టి పట్టుదలను పెంచి పోషించింది.

మరి దారేమిటి? నాకు దారి చూపింది మరో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రీమాక్ 1959లో ప్రచురించిన ఒక ప్రయోగం. చిన్నపిల్లల ముందు పిన్‌బాల్ ఆట యంత్రం, మిఠాయి యంత్రం రెండూ పెట్టాడు. కొందరికి ఆట ఎక్కువ ఇష్టం, కొందరికి మిఠాయి. మిఠాయి తింటేనే ఆట అంటే, ఆట ఇష్టమైన పిల్లలు మిఠాయి ఎక్కువ తిన్నారు. ఆట ఆడితేనే మిఠాయి అంటే, తిండి ఇష్టమైన పిల్లలు ఆట ఎక్కువ ఆడారు. అంటే బహుమతి తినే వస్తువే కానక్కర్లేదు. ఎక్కువ ఇష్టమైన పని తక్కువ ఇష్టమైన పనికి బహుమతి అవుతుంది. ‘అన్నం తింటేనే ఆటకి’ అనే మన అమ్మలకి ఇది కొత్త సంగతేం కాదు. కుక్కకి అన్నిటికన్నా ఇష్టమైనది బయటికి వెళ్లడమైతే, ఆగినందుకు ఇవ్వాల్సింది కూడా అదే.

గేటు మూసి, చిట్టికి బెల్టు వేసి మొదలుపెట్టాను. గొళ్లెం మీద చెయ్యి వేస్తాను. అది లేచిందా, చెయ్యి తీసేస్తాను. అరవడం లేదు, తిట్టడం లేదు. కూర్చుంటే మళ్లీ చెయ్యి గొళ్లెం మీదికి వెళ్తుంది. తలుపు రెండు వేళ్లంత తెరుచుకుంటుంది. ముక్కు దూర్చబోతే మెల్లగా, అది నలక్కుండా మూసేస్తాను. మూడోరోజు పరిస్థితి ఇంకా ఘోరం: మొరిగింది, తలుపు గీరింది. ఎప్పుడూ పనిచేసే కిటుకు పనిచేయకపోతే జంతువు మానేసే ముందు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే విసిగి వదిలేస్తారు. ఆ వారం చివర్లో తలుపు మూరెడు తెరిచి ఉండగా చిట్టి కూర్చునే ఉంది. ఒళ్లంతా వణుకుతోంది, తోక నేలకేసి కొట్టుకుంటోంది. తల తిప్పి నా మొహం చూసింది. ‘పద’ అన్నాను, ఇద్దరం కలిసి బయటికి వెళ్లాం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ మా అత్తయ్యగారు తలుపు తీస్తే మళ్లీ పాత కథే. కుక్కలు ఒకచోట నేర్చుకున్నదాన్ని ఇంకోచోటికి అంత తేలిగ్గా తీసుకెళ్లలేవు. గేటు వేరు, కాలింగ్ బెల్ మోగడం వేరు, కొరియర్ అబ్బాయి వచ్చినప్పుడు వేరు. అన్నీ విడివిడిగా, ఇంట్లో అందరి చేతా చేయించాలి.

దీపావళి సంగతి పూర్తిగా వేరు. మనకి సుమారు 20,000 హెర్ట్జ్ (శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) వరకే వినిపిస్తే, కుక్కకి దాదాపు 45,000 దాకా వినిపిస్తుంది. టపాసులకు హడలిపోయి పరిగెత్తే కుక్క బహుమతి కోసం పరిగెత్తడం లేదు, ప్రాణభయంతో పారిపోతోంది. అప్పుడు శిక్షణను నమ్ముకోవద్దు. గది తలుపు గడియ పెట్టి, మెడ పట్టీకి ఫోన్ నంబరు తగిలించి ఉంచండి.

తప్పించుకుంటే వెంటపడొద్దు, దానికది ఆటలా ఉంటుంది. పేరు పిలుస్తూ మీరే దానికి వ్యతిరేక దిశలో పరిగెత్తండి, చాలాసార్లు వెనకాలే వస్తుంది. వచ్చాక మాత్రం కొట్టకండి. ట్యాంకర్ రోజున నేను భయంతో రెండు దెబ్బలు వేశాను. పారిపోయినందుకని నా లెక్క, ఇంటికొచ్చినందుకని దాని లెక్క. తర్వాతిసారి చిట్టి గేటు దాకా వచ్చి, నన్ను చూసి, నాలుగడుగుల దూరంలోనే నిలబడిపోయింది. ఎంత బతిమాలినా దగ్గరికి రాలేదు. మళ్లీ నన్ను నమ్మి రావడానికి నెలన్నర పట్టింది.