నోటి బ్యాక్టీరియా గుండెకు చేరితే

మన నోట్లో వందల రకాల బ్యాక్టీరియా కాపురముంటాయి. వాటిలో విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్ అనే గుంపు వల్ల మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, పైగా హాని చేసే క్రిములకు చోటు దొరక్కుండా చేస్తుంది. చిగుళ్లు వాచినప్పుడు బ్రష్ చేసుకున్నా, గట్టిగా ఏదైనా నమిలినా ఇవి కొన్ని రక్తంలోకి జారిపోతుంటాయి. చాలామందికి ఏమీ కాదు, కాసేపట్లోనే శరీరం వాటిని ఏరిపారేస్తుంది.

చిక్కంతా గుండె వాల్వ్ ముందే దెబ్బతిన్నవాళ్లతో. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత రుమాటిక్ జ్వరం వచ్చి వాల్వ్ పాడైనవాళ్లు మన దేశంలో ఇప్పటికీ చాలామందే ఉన్నారు. అలా గరుకుబారిన చోట రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ పేరుకుంటాయి, పంటి మీద పాచి పట్టినట్టే ఈ బ్యాక్టీరియా వాటికి అతుక్కుని, పొర మీద పొర కప్పుకుని, తెల్లరక్తకణాలకు అందకుండా పెరుగుతుంది. ఆ గడ్డలోంచి ఒక ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతమే. గుండె వాల్వ్‌కు ఇలా బ్యాక్టీరియా పట్టడాన్నే ఎండోకార్డైటిస్ అంటారు.

సంగీతకారుడు గుస్టావ్ మాలర్‌కు వాల్వ్ జబ్బుందని 1907లో తెలిసింది. 1911లో న్యూయార్క్‌లో జ్వరం పట్టుకుని వదల్లేదు. రక్తం తీసి కల్చర్ పెడితే, అంటే అందులో ఏ క్రిమి పెరుగుతుందో ల్యాబ్‌లో చూస్తే, ఈ స్ట్రెప్టోకాకస్సే పెరిగింది. జబ్బేమిటో తెలిసింది కానీ అప్పటికి మందు లేదు. ఆ మే 18న వియన్నాలో చనిపోయారు, వయసు 50.

ఇప్పుడు పెన్సిలిన్ రకం మందులున్నాయి, సాధారణంగా నాలుగు వారాలు నరంలోకి ఎక్కిస్తే చాలామందికి నయమవుతుంది. నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఈ జబ్బు మొదట్లో వారాల తరబడి సన్నటి జ్వరం, నీరసం, బరువు తగ్గడంగానే కనిపిస్తుంది, మనమేమో మెడికల్ షాపుకెళ్లి యాంటీబయాటిక్ తెచ్చుకుని మూడు రోజులు వేసుకుంటాం. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, ఆ తర్వాత కల్చర్ చేస్తే చాలాసార్లు ఏమీ పెరగదు, డాక్టరుకు దారి మూసుకుపోతుంది. అందుకే వాల్వ్ జబ్బున్నవాళ్లకు కారణం తెలియని జ్వరం వస్తే, మాత్ర మొదలుపెట్టకముందే రెండు మూడు సార్లు వేర్వేరుగా సూది గుచ్చి కల్చర్‌కు రక్తం తీయాలి.

పన్ను పీకించుకునే ముందు అందరికీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. 2007 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లు, ఇదివరకు ఈ జబ్బు వచ్చినవాళ్లు, పుట్టుకతో వచ్చిన కొన్ని తీవ్రమైన గుండె లోపాలున్నవాళ్ల వంటివారికే ఇమ్మంటోంది. మిగతావాళ్లకు రోజూ చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవడమే ఎక్కువ మేలు. ఏదేమైనా గుండె సంగతి పళ్ల డాక్టరుకు ముందే చెప్పండి, అడగలేదు కదా అని ఊరుకోవద్దు.