“మాకు మత్తు పడదు” అనే మాట వెనక ఉన్న కథ

ఆపరేషన్‌కు ముందు రోజు మత్తు డాక్టరు కేసు షీటు పట్టుకుని మంచం దగ్గరికి వస్తారు. షుగర్ ఉందా, బీపీ ఉందా, ఆయాసం ఉందా, కట్టుడు పళ్లున్నాయా, ఇంతకు ముందు ఆపరేషన్ ఏదైనా అయిందా అని అడుగుతారు. చివర్లో ఇంకో ప్రశ్న ఉంటుంది: “మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు ఇబ్బంది వచ్చిందా?” చాలామంది ఆలోచించకుండానే “లేదండీ” అనేస్తారు. పక్కన కూర్చున్న ఏ పెద్దమ్మో “మా చిన్నాన్నకు అపెండిక్స్ తీసినప్పుడు రాత్రిదాకా లేవలేదు, మాకు మత్తు పడదు” అని తనలో తాను అనుకుంటుంది. ఆ మాట డాక్టరు చెవిన పడాలి. దాని వెనక డెబ్బై ఏళ్లకు పైబడిన వైద్య చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన భాగం తెలుగువాళ్లది.

నిజానికి ఇబ్బంది మత్తుతో కాదు. ఆపరేషన్‌లో ఇచ్చే మందులన్నిటినీ కలిపి మనం మత్తు అంటాం గానీ, నిద్ర పుచ్చేది ఒకటి, నొప్పి తెలియనివ్వనిది ఒకటి, కండరాలను వదులు చేసేది ఇంకొకటి. ఈ మూడో రకంలో సక్సినైల్‌కోలిన్ అనే పాత మందు ఉంది. థియేటర్లలో స్కోలిన్ అంటారు. అర్ధరాత్రి ఎమర్జెన్సీ సిజేరియన్ అనుకోండి. ఆమె అన్నం తిని రెండు గంటలు కూడా కాలేదు. కడుపులో ఉన్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోకముందే శ్వాసనాళంలోకి గొట్టం దించాలి. స్కోలిన్ ఎక్కించిన నిమిషంలోపే కనురెప్పలు, ముఖం అదురుతాయి. ఆ అదురు మెడ మీదుగా ఛాతీకి, చేతులకు, కాళ్లకు దిగుతుంది. చర్మం కింద చీమలు పాకుతున్నట్టు కండరాలు కదులుతాయి. ఆ తర్వాత ఒళ్లంతా వదిలేస్తుంది, ఊపిరి కూడా ఆగుతుంది. అప్పుడు గొట్టం దించి శ్వాస యంత్రానికి కలుపుతారు. ఐదు నుంచి పది నిమిషాల్లో మందు పని అయిపోయి, కండరాలకు మళ్లీ పట్టు వస్తుంది.

అంత త్వరగా తేరుకోవడానికి కారణం రక్తంలో ఉండే ఒక ఎంజైము. దాని పేరు బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్. ల్యాబ్ రిపోర్టుల్లో సూడోకోలినెస్టరేజ్ అని కూడా ఉంటుంది. ఇది కాలేయంలో తయారై రక్తంలో తిరుగుతుంది. ఎక్కించిన స్కోలిన్‌లో ఎక్కువ భాగాన్ని కండరాల దాకా చేరకముందే ముక్కలు చేసేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము ఉండదు, లేదా ఉన్నా పని చేయదు. వాళ్లలో నిమిషాల్లో పోవాల్సిన మందు గంటల తరబడి పట్టుకుని ఉంటుంది. మామూలు జీవితంలో వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, నూరేళ్లు హాయిగా బతకొచ్చు. ఆ ఒక్క ఇంజెక్షను పడిన రోజే విషయం బయటపడుతుంది. శ్వాస యంత్రం మీద ఉంచి, నిద్రమందు కొనసాగిస్తే కొన్ని గంటల్లో వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. కారణం తెలియక ఆపరేషన్ అయిందని నిద్రమందు ఆపేస్తే మాత్రం, రోగికి తెలివి వచ్చేస్తుంది. కన్ను తెరవలేరు, వేలు కదపలేరు, చుట్టూ మాటలన్నీ వినిపిస్తుంటాయి. ఈ కథలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

కండరాలను వదులు చేసే మందును ఆపరేషన్ గదిలోకి మొదట తెచ్చింది 1942లో, కెనడాలోని మాంట్రియల్‌లో. హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ అనే డాక్టర్లు క్యూరేర్ వాడారు. దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్లు బాణాలకు పూసే విషమది. దాని ప్రభావం చాలాసేపు ఉండేది. 1951లో స్టాక్‌హోం, వియన్నా నగరాల్లో సక్సినైల్‌కోలిన్ వాడకం మొదలయ్యేసరికి మత్తు డాక్టర్లకు పెద్ద ఊరట దొరికింది. త్వరగా పట్టి, త్వరగా వదిలే మందు. ఏడాది తిరగకుండానే, 1952 నాటికి, కొందరు రోగులకు ఊపిరి తిరిగి రావడం లేదని ఇంగ్లండ్ వైద్య పత్రికల్లో రాయడం మొదలైంది. వాళ్ల రక్తంలో ఎంజైము తక్కువగా ఉందని కూడా గమనించారు.

మొదట్లో దీన్ని కాలేయ జబ్బుకో, తిండి లోపానికో ముడిపెట్టారు. అది పూర్తిగా తప్పేమీ కాదు, ఆ రెండింటిలోనూ ఎంజైము తగ్గుతుంది. కానీ మంచి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఇదే జరిగింది. 1956లో హెర్మన్ లేమాన్, ఆయన సహచరుడు కలిసి అలాంటి రోగుల బంధువుల రక్తం పరీక్షించారు. తక్కువ ఎంజైము కుటుంబాల్లో నడుస్తోందని తేలింది. మరుసటి ఏడాది, టొరంటోలో వెర్నర్ కాలో ఒక తేలికైన పరీక్ష కనిపెట్టాడు. ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, బెంజాయిల్‌కోలిన్ అనే పదార్థం కలిపి, ఎంజైము దాన్ని ఎంత వేగంగా విరగ్గొడుతోందో కొలిచాడు. అదే ప్లాస్మాలో, ఒళ్లు మొద్దుబార్చే డైబుకేన్ అనే మందు కలిపి మళ్లీ కొలిచాడు. మామూలు ఎంజైము పని దాదాపు 80 శాతం తగ్గిపోయింది. స్కోలిన్‌తో ఇబ్బంది పడ్డవాళ్ల ఎంజైము 20 శాతం మాత్రమే తగ్గింది. వాళ్ల తల్లిదండ్రుల్లో, పిల్లల్లో చాలామందికి 60 దగ్గర వచ్చింది, అంటే మధ్యలో. ఒక పాడైన జన్యువు, ఒక మంచి జన్యువు ఉన్నవాళ్లన్నమాట. మనిషి జన్యువు మందును ఎలా మారుస్తుందో అంకెలతో అంత స్పష్టంగా చూపిన తొలి పనుల్లో అది ఒకటి.

ఈ ఆలోచనకు బీజం అంతకు ముందే పడింది. 1902లో లండన్ డాక్టరు ఆర్చిబాల్డ్ గ్యారడ్, మూత్రం గాలి తగిలితే నల్లబడే ఆల్కప్టోన్యూరియా అనే అరుదైన జబ్బు గురించి రాస్తూ, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో దగ్గర బంధువుల పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్నాయని పట్టుకున్నాడు. మేనరికాల ఊసు జన్యుశాస్త్రంలో మొదటి పేజీ నుంచీ ఉంది. కాలో పరీక్ష వచ్చిన సమయంలోనే ప్రైమాక్విన్ అనే మలేరియా మందు కొందరిలో రక్తకణాలను ఎందుకు పగలగొడుతుందో కూడా తేలింది. జీ6పీడీ అనే ఎంజైము లోపం వల్ల అని 1956లో బయటపెట్టారు. ఆ ప్రయోగాలు అమెరికాలో ఇల్లినాయ్ జైలు ఖైదీల మీద జరిగాయి, అది మరిచిపోకూడని సంగతి. 1957లో ఆర్నో మోటుల్‌స్కీ ఈ ముక్కలన్నీ ఒకచోట చేర్చి, మందు పడకపోవడం వంశపారంపర్యం కావచ్చని రాశాడు. 1959లో జర్మనీకి చెందిన ఫ్రెడ్రిక్ ఫోగెల్ ఈ శాస్త్రానికి ఫార్మకోజెనెటిక్స్ అని పేరు పెట్టాడు.

ఇక మన దగ్గరికి వద్దాం. యూరప్ వాళ్లలో కాలో చూసిన రకం సుమారు మూడు వేల మందిలో ఒకరికి ఉంటుంది. వాళ్లలో ఎంజైము ఉంటుంది, మందకొడిగా ఉంటుంది. అసలు ఎంజైము పనే కనిపించని రకం ఇంకొకటుందని 1962లో రాశారు. అది అక్కడ చాలా అరుదు. దక్షిణ భారతంలో మాత్రం, ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ రెండో రకం తరచుగా కనిపిస్తోందని మన వైద్యులు గమనించారు. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయంలో రత్నం బూపతి బృందం, అమెరికాలో నెబ్రాస్కాలో ఉన్న ఒక్సానా లాక్‌రిడ్జ్‌తో కలిసి, దీని మూలం వెతికింది. ఈ ఎంజైములో 574 అమైనో ఆమ్లాలు (ప్రొటీను గొలుసులోని ముక్కలు) వరసగా ఉంటాయని 1987లో తేల్చిన పరిశోధకురాలే ఈ లాక్‌రిడ్జ్. 2006లో ఫలితం వచ్చింది. ఆ వరసలో 307వ చోట లూసిన్ ఉండాలి. ఈ కుటుంబాల్లో అక్కడ ప్రోలిన్ ఉంది. డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా. ప్రోలిన్ బిగుసుకున్న ముక్క, గొలుసును ఎటుపడితే అటు వంగనివ్వదు. దాంతో ఎంజైము సరిగ్గా మడత పడదు, రక్తంలో దాని పనే కనిపించదు.

ఒక్క అక్షరం తేడా అంతమందిలోకి ఎలా పాకింది? దీనికి జవాబు హైదరాబాద్ ఉప్పల్‌లోని సీసీఎంబీ అనే జీవకణ పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. 2009లో కుమారసామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్‌తో కలిసి మన దేశంలోని 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించారు. కొన్ని సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి మొదలై, ఆ తర్వాత బయటివాళ్లతో దాదాపు కలవకుండా పెరిగాయని తేలింది. వైశ్యుల్లో ఆ మొదలు వంద తరాలకు పైబడి వెనక్కి వెళ్లింది. పెనుగొండ వాసవీ కన్యక కథను, 102 గోత్రాల కథను చరిత్రగా చూసినా, భక్తిగా చూసినా, ఆ పెళ్లిళ్ల కట్టుబాటు ఎంత గట్టిదో రక్తంలో రాసి ఉంది. ఆ కొద్దిమంది పూర్వీకుల్లో ఒకరికి ఈ మార్పు ఉంటే చాలు. జనం లక్షలకు, అటుపై ముప్పై లక్షలకు చేరినా, అదే జన్యువు ఇద్దరి వైపుల నుంచీ బిడ్డను చేరే అవకాశం పోదు.

2017లో అదే బృందం 260కి పైగా సమూహాలు, 2,800 మందికి పైగా మనుషులతో పెద్ద పరిశోధన ప్రచురించింది. వైశ్యుల్లో ఈ ఎంజైము లోపం మిగతావాళ్లకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని అందులో రాశారు. అయితే ఇది ఒక్క కులం సంగతి అనుకుంటే పొరపాటు. వాళ్లు చూసిన సమూహాల్లో 81, యూరప్ యూదుల కంటే, ఫిన్లండ్ వాళ్ల కంటే గట్టిగా ఇలా కొద్దిమంది నుంచి పెరిగినవే. తెలుగు నేల మీది పెద్ద కులాలు అందులో ఒకటికి మించి ఉన్నాయి. వైశ్యుల విషయం బయటపడింది ఒక ఇంజెక్షను వల్ల. మిగతావాళ్లలో ఏ జబ్బు దాగి ఉందో వెతకాల్సి ఉంది.

ఇక్కడ ఒక మాట విడమరిచి చెప్పాలి. “మేము మేనరికాలు మానేశాం కదా, ఇంకేం టెన్షన్?” అని చాలామంది అనుకుంటారు. మేనరికం మానడం మంచిదే, దానివల్ల ప్రమాదం తగ్గుతుంది. కానీ గోత్రం వేరైనా, ఊరు వేరైనా, పది తరాల్లో చుట్టరికం లేకపోయినా, పెళ్లి అదే కులంలో జరిగితే ఇద్దరి పూర్వీకులూ వెనక ఎక్కడో కలుస్తారు. హైదరాబాద్ అబ్బాయికి న్యూజెర్సీలో పుట్టిన అమ్మాయితో సంబంధం కుదిరినా అంతే. దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు.

పరీక్ష సంగతికొస్తే, మన జిల్లా ఆసుపత్రుల్లో ఈ ఎంజైమును రోజూ కొలుస్తూనే ఉన్నారు, వేరే కారణానికి. పురుగుల మందు తాగి వచ్చిన రైతుకు చేసే కోలినెస్టరేజ్ పరీక్ష ఇదే. ఆర్గనోఫాస్ఫరస్ మందులు ఈ ఎంజైమును పట్టేసి పనిచేయనివ్వవు. అందుకే దాని మోతాదు చూసి విషం తీవ్రత అంచనా వేస్తారు. మన పొలాల విషాదం వల్ల ఊరి ల్యాబ్‌లకు చేరిన ఈ పరీక్షే, ఆపరేషన్‌కు ముందు ఒక వైశ్య కుటుంబానికి పనికొస్తుంది. పుట్టుకతో ఎంజైము లేని మనిషిని పురుగుల మందు తాగాడని పొరబడే ప్రమాదమూ ఉంది కాబట్టి, ఇంట్లో ఈ లోపం ఉన్న సంగతి క్యాజువాల్టీ డాక్టరుకు కూడా తెలియాలి.

ఇంత తెలిసినా ఇంట్లో ఎందుకు చెప్పుకోరు? కారణం సంబంధాలు. అమ్మాయికి ఏదో లోపం ఉందట అని పుకారు పుడుతుందేమోనని పెద్దలు నోరు మూసుకుంటారు. ఈ భయం మనకొక్కరికే లేదు. టే సాక్స్ అనే ప్రాణాంతక జబ్బుతో నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న జోసెఫ్ ఎక్‌స్టైన్ అనే యూదు మతగురువు 1983లో డోర్ యెషోరిమ్ అనే సంస్థ పెట్టాడు. అక్కడ పెళ్లీడు పిల్లల రక్తం తీసుకుని పేరు బదులు ఒక నంబరు ఇస్తారు. సంబంధం చూసేటప్పుడు రెండు నంబర్లూ చెబితే, ఈ జంటకు ఇబ్బంది ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతారు. ఎవరిలో ఏ జన్యువు ఉందో బయటికి రాదు. టే సాక్స్ పిల్లల ప్రాణాలు తీసే జబ్బు, స్కోలిన్ సంగతి అంత దూరం పోదు. దీనికోసం ఏ సంబంధమూ వదులుకోవాల్సిన పని లేదని నేను గట్టిగా నమ్ముతాను. కావాల్సింది మత్తు డాక్టరుకు చెప్పడం. చెబితే వాళ్లు రొక్యురోనియం లాంటి వేరే మందు వాడతారు. మైవాక్యూరియం మాత్రం ఇదే ఎంజైము మీద ఆధారపడుతుంది కాబట్టి దాన్నీ పక్కన పెడతారు. మానసిక వైద్యంలో కరెంటు చికిత్సకు ముందు కూడా స్కోలిన్ ఇస్తారు, అక్కడా చెప్పాలి.

2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకం కింద దేశవ్యాప్తంగా పది వేల మంది జన్యుపటాలు తీశారు. సీసీఎంబీ అందులో భాగస్వామి. ఆ సమాచారం మీద పని ఇప్పుడు సాగుతోంది. ఈలోగా ఒక లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఇంట్లో ఒకరికి ఈ లోపం తేలితే, తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. ఆపరేషన్ రోజు నాడు కాకుండా, తీరిగ్గా ఉన్నప్పుడు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు సీరం సూడోకోలినెస్టరేజ్ పరీక్ష చేయించుకుని, ఆ కాగితం ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోవచ్చు. లోపం ఉన్న మనిషికి “స్కోలిన్ ఇవ్వొద్దు” అని రాసిన ఒక చీటీ, రక్తం గ్రూపు రాసుకున్నట్టే, పర్సులో ఉండాలి. అపెండిక్స్ ఆపరేషన్ నాడు రాత్రిదాకా లేవని ఆ చిన్నాన్న పిల్లల దగ్గర ఈ చీటీ ఉందో లేదో, పెద్దమ్మ ఒకసారి ఫోన్ చేసి కనుక్కోవాలి.