గాంధీగారి అణుబాంబు: వాదించే పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

వీడియో గేముల మీద, రాజకీయాల మీద, ప్రపంచ చరిత్ర మీద మీరు ఆన్‌లైన్‌లో చేసుకునే వాదనలు కొంతకాలంగా చదువుతున్నాను. వాటిని మానెయ్యమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఎప్పుడో వందల ఏళ్ల నాటి సామ్రాజ్యం ఎందుకు కూలిందన్న దాని మీద పద్నాలుగేళ్ల పిల్లలు అర్ధరాత్రి దాకా పట్టుబట్టి మాట్లాడుకుంటున్నారంటే నాకు సంతోషంగా ఉంది. తరగతిలో అదే ప్రశ్న వేస్తే చాలామంది తలలు దించుకుంటారు. మీకు ఆ ఆసక్తి గేముల వల్ల వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చినా ఆసక్తి ఆసక్తే. నేను అడిగేది ఒక్కటి. ఎదుటివాళ్ల మీద ఒక మాట వెయ్యబోయే ముందు ‘ఇది నాకెలా తెలిసింది?’ అని ఒక్కసారి వెనక్కి వెళ్లి చూడండి. గేములో చూశానా, ఎవరైనా చెబితే విన్నానా, ఎక్కడైనా చదివానా? చదివితే, రాసినాయనకు ఎలా తెలిసింది?

చరిత్రలోని నాయకుల పేర్లతో దేశాలను నడిపించే సివిలైజేషన్ అనే గేము ఆడినవాళ్లకు ఈ కథ తెలిసే ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి గేములో ప్రతి నాయకుడికీ దూకుడు ఎంతో చెప్పే ఒక అంకె ఉందట. గాంధీకి అందరికన్నా తక్కువగా 1 ఇచ్చారట. దేశం ప్రజాస్వామ్యంలోకి మారగానే ఆ అంకె 2 తగ్గాలట. ఒకటిలోంచి రెండు తీసేస్తే మైనస్ ఒకటి. కానీ కంప్యూటర్ ఆ అంకెకి 0 నుంచి 255 వరకే చోటిచ్చింది కాబట్టి అది చుట్టూ తిరిగి 255 అయి కూర్చుందట. అలా శాంతమూర్తి కాస్తా అందరినీ మించిన యుద్ధోన్మాది అయిపోయి ఇరుగుపొరుగు దేశాల మీద అణుబాంబులు వేశాడట.

ఎంత చక్కగా అతికిందో చూడండి. ప్రోగ్రాముల్లో ఇలాంటి తప్పు నిజంగానే జరుగుతుంది. కాబట్టి కంప్యూటర్ల సంగతి కొంచెం తెలిసినవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా నమ్మారు. తెలివైనవాళ్లే ఇంకా గట్టిగా నమ్మారన్న సంగతి గుర్తుంచుకోండి.

ఆ గేము తయారుచేసిన సిడ్ మీయర్ 2020లో వచ్చిన తన ఆత్మకథలో అసలు అలా జరగనే లేదని రాశాడు. ఆయన వాడిన సి భాషలో మామూలు పూర్ణాంకాలు మైనస్‌లోకి కూడా పోగలవు, చుట్టూ తిరిగి 255 కావలసిన అవసరం లేదు. గాంధీకి ఇచ్చిన దూకుడు అంకె ఇంకొందరు నాయకులకూ ఉన్నదే. మరి కథ ఎక్కడి నుంచి వచ్చింది? 2010లో వచ్చిన ఐదో గేములో, దాని రూపకర్త సరదాకి గాంధీకి అణ్వాయుధాల మీద మక్కువ బాగా పెంచి పెట్టాడు. ఆ తర్వాతే, దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మొదటి గేములో ఈ పొరపాటు ఉండేదన్న కథ ఇంటర్నెట్‌లో పాకింది. అంటే ముందు ఫలితం కనిపించింది, కారణాన్ని తర్వాత ఎవరో కల్పించారు. ఒకరు చెప్పింది ఇంకొకరు, ఆ ఇంకొకరు చెప్పింది మరొకరు చెప్పుకుంటూ పోయారు. వంద చోట్ల కనిపించింది కాబట్టి నిజమే అనుకున్నారు. వంద చోట్లా ఉన్నది ఒకే మాట.

ఒక గేము గురించిన చిన్న విషయం, తయారుచేసినవాడు బతికే ఉన్నాడు, ప్రోగ్రాము కళ్లముందు ఉంది. అయినా ఇంత జరిగింది. ఇక నాలుగైదు వందల ఏళ్ల కిందటి విషయం మీద, సాక్షులెవరూ లేనిచోట, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

ఇంకో ఇబ్బంది ఉంది. అది దీనికన్నా లోతైనది. గేము మీకు తేదీలు, పేర్లు చెప్పడమే కాదు, లోకం ఎలా నడుస్తుందో కూడా చెబుతుంది. అదీ మాటల్లో చెప్పదు, నియమాల్లో పెడుతుంది. మాటల్లో చెబితే మీరు కాదనగలరు. నియమాన్ని పాటించకపోతే గేము ముందుకు సాగదు.

దేశాలను నడిపించే ఇంకో గేముల వరస యూరోపా యూనివర్సాలిస్, అందులో నాలుగో గేము సంగతి తీసుకోండి. కథ 1444 నవంబరు 11న మొదలవుతుంది. 2013లో ఈ గేము వచ్చినప్పుడు యూరప్ బయటి దేశాలకు సాంకేతికత సంపాదించడం ఎక్కువ ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు తగ్గాలంటే ఆ దేశం పాశ్చాత్య పద్ధతులకు మారాలి. గంటల తరబడి అలా ఆడినవాడికి ఎవరూ పాఠం చెప్పకుండానే ఒక నమ్మకం ఏర్పడుతుంది: 1444 నాటికే ఆసియా వెనకబడి ఉంది, యూరప్‌ని అనుకరించడం తప్ప దారి లేదు. మరి అదే కాలంలో చైనా సంగతి? 1405 నుంచి 1433 వరకు చైనా నౌకాధిపతి ఝెంగ్ హె నౌకాదళాలు హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా తీరం దాకా వెళ్లొచ్చాయి. కొరియాలో లోహపు అచ్చులతో 1377లో ముద్రించిన బౌద్ధ గ్రంథం ఈ నాటికీ ఉంది. గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చయింది 1455 ప్రాంతంలో.

2016లో ఆ గేము తయారీదారులే ఆ నియమాన్ని తీసేశారు. దాని స్థానంలో, కొత్త భావనలు ఒకచోట పుట్టి దేశదేశాలకూ పాకే పద్ధతి పెట్టారు. నేను మిమ్మల్ని ఆలోచించమనేది ఇక్కడే. 2013కీ 2016కీ మధ్య 1444 నాటి ఆసియా ఏమీ మారలేదు. మారింది తయారుచేసినవాళ్ల అభిప్రాయం. వాళ్లను నేను తప్పుపట్టడం లేదు, అభిప్రాయం మార్చుకోవడం మంచి పనే. కానీ ‘గేములో అలాగే ఉంది’ అని మీరు వాదనలో అన్నప్పుడు, మీరు చూపిస్తున్నది చరిత్రను కాదు, ఒక బృందం ఒక సంవత్సరంలో తీసుకున్న నిర్ణయాన్ని.

గేమును ఆపి నియమాలను ప్రశ్నించే అలవాటు మీకు వస్తే అది ఏ పాఠ్యపుస్తకం కన్నా మేలు చేస్తుంది. ఈ దేశానికి ఈ అంకె ఎందుకిచ్చారు? తిరుగుబాటు చేసినవాళ్ల గోడును ఇందులో ఎలా చూపించారు? ఇవి చాలా మంచి ప్రశ్నలు. పెద్దవాళ్లు చరిత్ర పుస్తకాలను అడిగే ప్రశ్నలు కూడా ఇలాంటివే.

ఇక రాజకీయాలు. 2014లో ఫ్రెంచ్ విప్లవ కాలంలో సాగే గేము అసాసిన్స్ క్రీడ్ యూనిటీ వచ్చినప్పుడు ఫ్రెంచ్ వామపక్ష నాయకుడు జాన్ లూక్ మెలాన్షాన్ దాని మీద మండిపడ్డాడు. ఫ్రెంచ్ విప్లవాన్ని నెత్తురు తాగే గుంపుగా, ఆ విప్లవ నాయకుడు రోబెస్పియర్‌ని రాక్షసుడిగా చూపించారని, ఇది జనానికి వ్యతిరేకంగా చేసిన ప్రచారమని ఆయన అభ్యంతరం. ఆ గొడవ ఇప్పటికీ తెగలేదు. రోబెస్పియర్ హంతకుడని ఒక పక్షం, పేదల పక్షాన నిలిచినవాడని ఇంకో పక్షం. ఇద్దరి చేతుల్లోనూ ఆధారాలున్నాయి. 1791 మే 30న ఆయన సభలో నిలబడి మరణశిక్షను పూర్తిగా రద్దు చెయ్యాలని వాదించాడు. 1792 డిసెంబరు 3న అదే మనిషి, మరణశిక్ష అంటే తనకు అసహ్యమేనంటూనే, దేశం బతకాలంటే రాజు చావాల్సిందే అన్నాడు. ఆ తర్వాత, విరోధులను గిలెటిన్ అనే తల నరికే యంత్రం కిందికి పంపిన భీతావహ పాలన వచ్చింది. 1794 జూలై 28న ఆయన తల కూడా ఆ గిలెటిన్ కిందే పోయింది.

ఒకరు మొదటి ప్రసంగం పట్టుకుంటారు, ఇంకొకరు రెండోది పట్టుకుంటారు. నన్నడిగితే అసలు చరిత్ర ఉన్నది ఆ రెండింటి మధ్య ఏడాదిన్నరలో. రాజు పారిపోబోయి దొరికిపోవడం, పరాయి సైన్యాలతో యుద్ధం, పారిస్ జైళ్లలో జరిగిన ఊచకోత, అన్నీ ఆ మధ్యలోనివే. ఒక మనిషి అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చాడు? ఈ ప్రశ్న మీద ఇద్దరు ప్రత్యర్థులు కలిసి కూర్చుంటే ఇద్దరికీ ఏదో ఒకటి దొరుకుతుంది. రాక్షసుడా, దేవుడా అన్న దగ్గర కూర్చుంటే తెల్లారేసరికి మిగిలేది తిట్లే.

ఒక్కోసారి ఆధారాలే తక్కువగా ఉంటాయి. జపాన్‌లో ఓడా నొబునాగా అనే యుద్ధప్రభువు కొలువులో ఉన్న ఆఫ్రికన్ యాసుకే ఒక ప్రధాన పాత్రగా 2024లో అసాసిన్స్ క్రీడ్ షాడోస్ గేము ప్రకటన రాగానే, ఆయన నిజంగా సమురాయ్ అవునా కాదా అని నెలల తరబడి కొట్టుకున్నారు. ఆయన గురించి ఆ కాలపువాళ్లు రాసింది కొన్ని పేజీలకు మించదు. జెస్యూట్‌లనే క్రైస్తవ మతగురువుల ఉత్తరాలు, నొబునాగా చరిత్ర, ఒక సామంతుడి డైరీ, అంతే. 1581లో నొబునాగా ముందుకు వచ్చాడు, ఆదరణ పొందాడు, 1582లో ప్రభువు చనిపోయిన రోజు పోరాడి లొంగిపోయాడు. ఆ తర్వాత ఏమయ్యాడో జాడ లేదు. ఇదంతా ఒక మధ్యాహ్నం కూర్చుంటే చదవడం అయిపోతుంది. ముందు చదివి, ఆ తర్వాత ఎంత గట్టిగానైనా వాదించండి. ఆధారం ఎక్కడ ఆగిందో అక్కడ మీరూ ఆగండి.

మిమ్మల్ని కాస్త గట్టిగా మందలించాల్సిన విషయం ఒకటుంది. వాదన వేడెక్కగానే అవతలివాణ్ని హిట్లర్ అనడం, నాజీ అనడం. ఇది మీతో మొదలైంది కాదు. 1990లోనే మైక్ గాడ్విన్ అనే అమెరికన్, ఆన్‌లైన్ చర్చ సాగేకొద్దీ ఎవరో ఒకరు హిట్లర్ పోలిక తెచ్చే అవకాశం పెరుగుతుందని ఒక సూత్రంలా రాసి పెట్టాడు. అంత తేలిగ్గా ఆ పోలిక తెచ్చేవాళ్లు నాడు జరిగిన నరమేధం గురించి కొంచెం లోతుగా ఆలోచించాలన్నదే తన ఉద్దేశమని తర్వాత చెప్పాడు.

రెండో ప్రపంచ యుద్ధం గేముల్లో లెనిన్‌గ్రాడ్ పటం మీద ఒక గడి. ఎవరి చేతిలో ఉంటే వాళ్ల రంగు పడుతుంది. నిజంగా ఆ సోవియట్ నగరం 872 రోజులు హిట్లర్ సైన్యం ముట్టడిలో ఉంది. 1941 నవంబరు, డిసెంబరు నెలల్లో పిల్లలకు దొరికిన రొట్టె రోజుకు 125 గ్రాములు, అందులోనూ కల్తీ. తాన్యా సవిచెవా అనే పదకొండేళ్ల అమ్మాయి ఒక చిన్న నోట్‌బుక్‌లో ఇంట్లో ఒక్కొక్కరూ చనిపోయిన తేదీ, వేళ రాసుకుంది. అక్క, అమ్మమ్మ, అన్న, నాన్న అన్నదమ్ములిద్దరు, చివరికి అమ్మ. ఆ పైన, సవిచెవ్‌లు చనిపోయారు, అందరూ చనిపోయారు, తాన్యా ఒక్కతే మిగిలింది అని రాసింది. ఇంకో అక్క, ఇంకో అన్న బతికే ఉన్నారని ఆ పిల్లకు తెలియదు. 1944లో ఆమె కూడా పోయింది. మీ మెసేజ్ తీసేసిన గ్రూప్ అడ్మిన్‌ని హిట్లర్ అని పిలవబోయే ముందు ఆ నోట్‌బుక్‌ను తలుచుకోండి. గేము ఆడటం తప్పని నేను అనను. ఆ గడి కింద మనుషులున్నారన్న ఎరుక ఉన్నవాడి మాట తీరు వేరుగా ఉంటుంది, వాదనలో కూడా.

వాదించడం ఎలా అన్నది మన పెద్దలు చాలా శ్రద్ధగా ఆలోచించారు. న్యాయదర్శనం అనే మన ప్రాచీన తర్కశాస్త్రం చర్చల్ని మూడు రకాలుగా విడదీసింది. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకునేది వితండం. మీరు రాత్రి చేసిన గొడవ ఈ మూడింటిలో ఏదో పొద్దున్నే లేచి చదువుకుంటే మీకే తెలుస్తుంది.

వాళ్ల గ్రంథాల్లో నాకు బాగా నచ్చినది పూర్వపక్షం. తన సిద్ధాంతం చెప్పే ముందు ప్రత్యర్థి వాదనను పూర్తిగా, దాని బలం తగ్గించకుండా రాయడం. ఈ పని మీరూ చెయ్యవచ్చు. జవాబు టైపు చేసే ముందు ‘నువ్వనేది ఇదేనా?’ అని అవతలివాళ్ల వాదనను మీ మాటల్లో రాసి అడగండి. వాళ్లు అవునన్న తర్వాతే మీ మాట మొదలుపెట్టండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయని నా నమ్మకం, ఎందుకంటే సగం గొడవల్లో ఒకరన్నది ఇంకొకరు సరిగ్గా చదవనే లేదు.

వాదన బెదిరింపుల్లోకో, కులం, మతం, ఇంట్లో ఆడవాళ్ల పేర్లలోకో దిగితే మాత్రం అక్కడితో అది చర్చ కాదు. బ్లాక్ చెయ్యండి, స్క్రీన్‌షాట్ దాచుకోండి, ఇంట్లో పెద్దవాళ్లకు చూపించండి. భయపడి దాచిపెట్టొద్దు. జవాబివ్వకపోతే ఓడినట్టని అనుకోవద్దు.

మీరిప్పుడు ఏ వాదనలో మునిగి ఉన్నారో నాకు రాయండి. అవతలివాళ్ల పక్షం ఒక పేజీ, దాని కింద మీ పక్షం ఒక పేజీ, ప్రతి మాటకూ పక్కనే అది మీకెక్కడ దొరికిందో రాసి పంపండి. అన్నీ చదువుతాను. ఒప్పుకోని చోట ఎందుకు ఒప్పుకోనో, నా ఆధారం ఏమిటో చెప్పి జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య