పెళ్లికొడుకు లేని పెళ్లికూతుళ్లు

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మా మనవరాలు మూడో తరగతి. మొన్న ఆషాఢంలో వాళ్లమ్మ, పిన్ని కలిసి హైదరాబాదులో పెళ్లిబట్టల ఎగ్జిబిషన్‌కు వెళ్తూ దీన్నీ వెంటబెట్టుకెళ్లారు. పిన్ని పెళ్లి మాఘంలో. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా, అందుకే దుకాణాలవాళ్లు ఖాళీగా కూర్చోకుండా సేళ్లు పెడతారు, ఎగ్జిబిషన్లు పెడతారు. శ్రావణం నుంచి మళ్లీ వాళ్లకు ఊపిరాడదు. సరే, స్టాళ్లన్నీ తిరిగాక సాయంత్రం అక్కడే ఫ్యాషన్ షో జరిగిందట. ఇంటికి రాగానే నాకు ఫోన్. "తాతయ్యా, అంతమంది పెళ్లికూతుళ్లు వచ్చారు, పెళ్లికొడుకు ఒక్కడూ లేడు. నడిచారు, నిలబడ్డారు, వెనక్కి వెళ్లిపోయారు. ఎవరి పెళ్లీ అవలేదు. మరి అంత ముస్తాబు దేనికి?"

నేను గొంతు సవరించుకునేలోపు హోంవర్కుందని పెట్టేసింది. ఇలాంటి అనుమానం మీలో ఇంకొందరికీ వచ్చే ఉంటుందని అందరికీ కలిపి రాస్తున్నాను.

ఎండాకాలంలో ఇళ్లల్లో ఆవకాయ పెడతారు కదా. పక్కింటివాళ్లు కలిపిన రోజున చిన్న గిన్నెలో కాస్త మనకూ పంపిస్తారు. అమ్మ వేలితో తీసి నాలిక్కి రాసుకుంటుంది. "ఆవపిండి ఒక పిసరు ఎక్కువైంది" అంటుంది. "వాళ్లు వెల్లుల్లి వేశారు, ఈసారి మనమూ వేద్దాం" అంటుంది. అంతేగానీ ఆ గిన్నెడుతో సంవత్సరమంతా గడిపేద్దామని ఎవరూ అనుకోరు. రుచి చూసి, మన జాడీలో మన పాళ్లతో కలుపుకుంటాం. ఫ్యాషన్ షో ఆ గిన్నె అన్నమాట. నడిచొచ్చిన అక్క పెళ్లికూతురు కాదు, గిన్నె పట్టుకొచ్చిన పక్కింటి పిల్ల. ఇచ్చి వెళ్లిపోతుంది. దానికి పెళ్లికొడుకుతో పనేముంది?

కలిపిన రోజు ఆవకాయ ఎలా ఉంటుందో మీకు తెలుసు. నోట్లో పెట్టుకుంటే చెవుల్లోంచి పొగ వస్తుంది. మూడో రోజు తిరగకలిపాక, ఉప్పూ కారం ముక్కకు పట్టాక గానీ అసలు రుచి రాదు. ర్యాంపు మీద, అంటే షోలో వాళ్లు నడిచే ఎత్తు అరుగు మీద, కనపడే బట్టలు మొదటి రోజు ఆవకాయ. చివరి వరసలో కూర్చున్నవాళ్లకూ కనపడాలి, అంత పెద్ద లైట్ల వెలుగులోనూ ఆనాలి, అందుకని అన్నీ ఒక పాలు ఎక్కువే వేస్తారు. పైగా ఉత్త ఆవకాయ ఎవరూ తినలేరు, అన్నం కావాలి. ఆ అన్నమే పెళ్లి. ఇక నూనె ఎవరంటారా? ఫొటోగ్రాఫర్లనుకోండి, ఎప్పుడూ పైకి తేలుతూ ఉంటారు.

అన్నం మాట ఎందుకు తెచ్చానంటే, షోలో అమ్మాయికి నడక ఒక్కటే పని. మన పెళ్లిలో పెళ్లికూతురికి ఎన్ని పనులో చూడండి. గౌరీపూజకు కూర్చోవాలి. మేనమామ బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొస్తే పడిపోకుండా అంచు పట్టుకోవాలి. చెయ్యి ఎత్తి జీలకర్ర బెల్లం పెట్టాలి. తలంబ్రాల దగ్గర పెళ్లికొడుకు కంటే ముందు దోసిలి నింపుకోవాలి. ఏడడుగులు వెయ్యాలి, అరుంధతిని చూపిస్తే మెడ ఎత్తాలి. ఇవన్నీ పొగలో, గంటల తరబడి. కుట్టుపనీ పూసలూ నిండుగా ఉన్న పెళ్లి లెహంగాలు కొన్ని 10 కిలోలు కూడా దాటతాయి. లోపల గుడారంలా నిలబెట్టే గట్టి పావడా ఉంటుంది. ఒక పెళ్లిలో అలాంటి లెహంగాతో అమ్మాయిని బుట్టలో కూర్చోబెట్టబోతే, అమ్మాయి పట్టింది గానీ లెహంగా పట్టలేదు. మేనమామలు నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి అమ్మాయి నడిచే వచ్చింది, బుట్ట ఖాళీగా వెనకే వచ్చింది.

ఈ సరదా మన దగ్గరే పుట్టింది కాదు. పారిస్‌లో పేరున్న దర్జీ సంస్థలు కొత్త బట్టలు చూపించే షోలలో చిట్టచివర పెళ్లికూతురు రావడం పాత ఆనవాయితీ. ఆ ఒక్క గౌనులో ఆ సంస్థకు తెలిసిన పనితనమంతా చూపిస్తారు. అంతకు చాలా ముందు, ర్యాంపులూ లైట్లూ లేని కాలంలో, రాజుల ఇళ్ల పెళ్లిళ్లే షోలు. 1840లో ఇంగ్లండు రాణి విక్టోరియా తెల్లటి గౌనులో పెళ్లి చేసుకుంది. అప్పటిదాకా అక్కడి పెళ్లికూతుళ్లలో చాలామంది ఉన్నవాటిలో మంచి గౌను, ఏ రంగుదైతే ఆ రంగుది, వేసుకునేవారు. రాణిగారి పెళ్లి బొమ్మలు అచ్చయి ఊరూరా తిరిగాయి. ముందు డబ్బున్నవాళ్లు, తర్వాత తక్కినవాళ్లు తెలుపులోకి మారారు. మన మధుపర్కాల తెలుపు అక్కణ్ణుంచి వచ్చింది కాదు లెండి, దాని దారి వేరు. ఎర్రంచు తెల్ల నూలుబట్ట అది. ఎంత ఖరీదైన పట్టుచీర కొన్నా చాలా ఇళ్లల్లో ముహూర్తం వేళకు దాన్ని విప్పి ఈ నూలుబట్టలోకి మారాల్సిందే. నాకు భలే నచ్చే సంగతి ఇది.

విక్టోరియా గౌనులో ఇంకో విశేషం ఉంది. ఆ రోజుల్లో మిషన్లు వచ్చి, చేత్తో లేసు అల్లేవాళ్ల పని పోతోంది. రాణి తన పెళ్లికి డెవన్ ప్రాంతపు హోనిటన్ లేసు చేత్తోనే అల్లించుకుంది. షో చూడ్డం అంటే రంగు చూడ్డం ఒక్కటే కాదని దీన్ని బట్టి తెలుస్తుంది. అది ఎవరి చేతి పని అని కూడా చూడాలి.

లేసు అంటే మా ఊరు గుర్తొస్తుంది. మాది నరసాపురం పక్క. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్లు అరుగుల మీద చేరి కొక్కెం సూదితో లేసు అల్లేవాళ్లు. అది హోనిటన్ పద్ధతి కాదు, వేరే రకం. సూది వైపు చూడకుండా, కబుర్లు చెప్పుకుంటూనే అల్లేవాళ్లు. ఆ లేసు ఓడలెక్కి దేశాలు దాటేది. అల్లినవాళ్లు మాత్రం ఊరు దాటేవారు కాదు.

మా ఫ్యాషన్ షో కూడా ఆ అరుగు మీదే. బండార్లంక నుంచి చీరల మూటాయన వచ్చేవాడు. సఖినేటిపల్లి రేవులో సైకిలుతో సహా పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చేవాడు. రాగానే మూట విప్పడు. ముందు మంచినీళ్లు తాగి, కండువాతో చేతులు తుడుచుకుని, అరుగు మీద తెల్ల దుప్పటి పరుస్తాడు. అప్పుడు మొదటి చీర తీసి, ఒక్క విదిలింపుతో మడత విప్పి, పమిట తన భుజం మీదే వేసుకుని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగేవాడు. ఆయనకేమో గుబురు మీసాలు! మేం పిల్లకాయలం స్తంభాల చాటున పడీపడీ నవ్వేవాళ్లం. ఆడవాళ్లు ఒక్కరూ నవ్వేవారు కాదు. వాళ్లకు మీసాలు కనిపిస్తే కదా! "ఏదీ, ఇంకోసారి తిరుగు నాయనా" అనేది మా నాయనమ్మ.

నాయనమ్మ చీర కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. చెంగు వెనక్కి తిప్పి చూసేది. తన చీర కొంగు తడిపి అంచు మీద రుద్ది, రంగు దిగుతుందేమో చూసేది. అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, కళ్లు మూసుకునేది. "ఈసారి వచ్చేప్పుడు ఇదే అంచు, ఒంటికి మాత్రం మామిడిపండు రంగు వేయించి తే" అని చెప్పి పంపేది. ఆయన తెచ్చేవాడు కూడా. శ్రీరామనవమికి పందిట్లో కల్యాణం జరుగుతుంటే, అందరూ రాముడికి దణ్ణం పెడుతుంటే, ఈవిడ చూపంతా సీతమ్మవారి చీర అంచు మీదే. భద్రాచలం దాకా ఎందుకు, ఊరూరా ఆ పందిరే పెళ్లి షో. ఏటా అదే పెళ్లి, ఏటా కొత్త చీర. పానకం, వడపప్పు ఉచితం.

ఇంతకీ ఈ షోలలో ఏం చూడాలో చెప్పనేలేదు. ర్యాంపు మీద పోచంపల్లి చీర కనపడితే, అందులో రంగుల అంచులు ఒకదాన్నొకటి నీళ్లలో తాకినట్టు మెత్తగా కలుస్తాయి. బట్ట నేశాక అద్దిన రంగు కాదది. నెయ్యకముందే, పోగుల మీదే, ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ కట్లు కట్టి అద్దుతారు. దానికోసం ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రంలా పాతిన మేకుల చుట్టూ దారాన్ని అటూ ఇటూ తిప్పడమే ఆ పని. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. చింతకింది మల్లేశం అనే ఆయన వాళ్లమ్మ లక్ష్మిగారు ఆ పని చేసీ చేసీ భుజం నొప్పితో బాధపడుతుంటే చూడలేకపోయారు. చదువు మధ్యలోనే ఆగిపోయినా, ఏళ్ల తరబడి తంటాలు పడి, 1999 నాటికి ఆసు పోసే మిషన్ తయారు చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. షోలో ఆ చీర వచ్చి వెళ్లేది అర నిమిషం.

గద్వాల చీర అయితే ఒళ్లు నూలు, అంచూ పమిటా పట్టు. ఈ రెంటినీ కుట్టి అతకరు. నేసేటప్పుడే ఒంటి పేక, అంచు పేక (పేక అంటే అడ్డంగా నేసే దారం) ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. ఎంత లాగినా ఊడదు.

ఉప్పాడ జాందానీ సంగతి మాత్రం నేను సరిగా చెప్పలేను. చెప్పేది ఇంతే: మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. పువ్వు రావలసిన చోటల్లా చిన్న చిన్న దారపు చుట్టలు వేలాడుతుంటాయి. ఒక్కో పోగూ వేళ్లతో పైకెత్తి, ఆ దారాన్ని కిందుగా పంపి, బిగిస్తారు. అలా ఆ వరసంతా అయ్యాక, అడ్డదారాన్ని మోసుకెళ్లే నాడెను ఒక్కసారి విసురుతారు. మళ్లీ పువ్వులో తర్వాతి వరస. పెద్ద పనైతే ఒక్క చీరకు నెలలు. ఒక పువ్వు అరవంతు అయ్యాక, మిగతా సగం ఎటు తిరగాలో ఆ వేళ్లకు ఎలా గుర్తుంటుందో! ఎంత సేపు పక్కన కూర్చుని చూసినా నాకు అంతుపట్టలేదు. కాకినాడ వైపు వెళ్తే మీ నాన్నతో చెప్పి ఆగండి. చూసి మీకు అర్థమైతే నాకు రాయండి.

మా మనవరాలి పిన్నికి ర్యాంపు మీద ఒక లెహంగా తెగ నచ్చిందట. "అచ్చం అదే కావాలి" అంటోంది. ధర విని వాళ్ల నాన్న మంచినీళ్లు అడిగాడు. వాయిదాల మీద ఇస్తామన్నారట! పెళ్లైన మర్నాటి నుంచి నెలనెలా కట్టుకుంటూ పోయే బట్ట ఒంటి మీద ఎలా తేలిగ్గా ఉంటుంది చెప్పండి? నేను ఒక్కటే చెప్పాను. ఆ లెహంగాలో నీకు నచ్చింది ఏమిటో ముందు తేల్చుకో అమ్మాయ్, రంగా, పూలా, చేతి పనా అని. రెండు రోజులు ఆలోచించి, "ఆ దానిమ్మ గింజల రంగు మావయ్యా, మిగతాదంతా నాకు గుర్తు కూడా లేదు" అంది. ఇప్పుడు ఆ రంగులో గద్వాల కోసం వెతుకుతున్నారు. జాకెట్టుకు మగ్గం వర్క్ చేయిస్తారట. దానికి మనవరాల్ని తప్పకుండా తీసుకెళ్లమన్నాను. చెక్క చట్రానికి బట్టను డప్పులా బిగించి, దారం కింద పట్టుకుని, కొక్కెం సూదిని పైనుంచి దింపి ఆ దారాన్ని మెలికలా పైకి లాగుతుంటారు. ఆ టకటక చప్పుడు వింటే అది హోంవర్క్ కూడా మర్చిపోతుంది.

మీలో ఎవరైనా ఇలాంటి షోకు వెళ్తే ముందు వరసలో కూర్చోవాలని టెన్షన్ పడొద్దు. షో అయ్యాక స్టాళ్ల దగ్గరికి వెళ్లండి. చేతులు కడుక్కుని, అడిగి, చీర అంచు వెనక్కి తిప్పి చూడండి. వెనక దారాలు తెగి వేలాడుతున్నాయా, శుభ్రంగా ఉందా? అంచూ ఒళ్లూ కలిసే చోట వెలుతురుకు ఎత్తి చూస్తే ఏం కనిపిస్తోంది? అమ్మేవాళ్లను ఇది ఏ ఊరిదని అడగండి. "ప్యూర్ పట్టు" అని ఊరుకుంటే, ఊరి పేరు మళ్లీ అడగండి.

షోకు వెళ్లలేనివాళ్లకూ ఒక పని ఉంది. మీ అమ్మ పెళ్లిచీర బీరువాలో ఏ అడుగునో ఉండే ఉంటుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే జరీ ఆ మడత దగ్గరే విరుగుతుంది. అమ్మను అడిగి బయటికి తీసి, చెరో కొసా పట్టుకుని, నీడలో ఒక గంట ఆరబెట్టి, మడత మార్చి పెట్టండి. ఆ గంటలో వెనక్కి తిప్పి చూడ్డం మర్చిపోకండి. ఆ చీర ఎలా కొన్నారో, ఎవరు ఎంచారో అమ్మ చెప్తుంది. వినండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలనివ్వకండి. ఇస్త్రీ పెట్టె జోలికి మాత్రం వెళ్లొద్దు, అది పెద్దవాళ్లకు వదిలెయ్యండి.

మీ
తాతయ్య