స్నోమొబైల్‌కి కొత్త షాకబ్జర్లు వేయించే ముందు: అపోహలు, వాస్తవాలు

మిన్నెసోటా ఉత్తరాన అక్టోబర్ వచ్చిందంటే మా షాపులో నా బెంచ్ మీద షాకబ్జర్లు గుట్టగా పడతాయి. ఫోన్లూ అప్పుడే మొదలవుతాయి. ఈ మధ్య వాటిల్లో తెలుగు గొంతులు పెరిగాయి. మినియాపోలిస్, డెట్రాయిట్, టొరంటో వైపు ఉండే మనవాళ్లు మొదట అద్దె స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి, మేం స్లెడ్ అంటాం) నడుపుతారు, మరుసటి చలికాలానికి సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొంటారు, ఆ పై ఏడు "అన్నా, ఏ కంపెనీ షాకులు వేయించమంటావ్?" అని అడుగుతారు. కంపెనీ పేరు చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. దానికంటే ముందు వదిలించుకోవాల్సిన నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. స్లెడ్‌కి మామూలుగా నాలుగు షాకులు. ముందు మంచు మీద జారే పలకలైన స్కీలకు రెండు, వెనక తిరిగే పట్టీ అయిన ట్రాక్ లోపలి చట్రంలో ముందు ఒకటి, వెనక ఒకటి. ఆ చట్రాన్నే స్కిడ్ అంటాం. ట్రైల్ స్లెడ్‌లు, అంటే చదును చేసిన మంచు దారి మీద తిరిగేవి, చాలావాటికి స్కిడ్ వెనక భాగంలో బరువు మోసేవి మెలితిరిగే టార్షన్ స్ప్రింగులు. స్ప్రింగ్ పని బరువు మోయడం. షాకు పని ఆ స్ప్రింగ్ ఊగిసలాటను నూనెలో వేడిగా మార్చి ఆపడం. ఈ రెండు పనులనూ ఒకటనుకోవడం దగ్గరే సగం డబ్బు వృథా అవుతోంది.

అపోహ: వెనక కూలబడుతోంది, గుంటల్లో అడుగు తగులుతోంది. అంటే షాకులు పోయాయి.

షాకు కదులుతున్నప్పుడే అడ్డుపడుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు అది మోసేది దాదాపు ఏమీ లేదు. నిలబడ్డ బండి వెనక్కి కూలబడి ఉందంటే ముందు చూడాల్సింది స్ప్రింగునే.

కిందటి సీజన్‌లో ఒకాయన భార్యతో కలిసి వచ్చాడు. టూరింగ్ స్లెడ్, ఇద్దరూ కూర్చునేది. నెట్‌లో తెప్పించిన వెనక షాకు అట్టపెట్టె చంకలో ఉంది. బిగించే ముందు ఒకసారి కొలుద్దామన్నాను. వెనక బంపర్ పట్టుకుని సస్పెన్షన్ పూర్తిగా సాగేదాకా ఎత్తి, నేల నుంచి బంపర్ దాకా టేపు పెట్టాం. తర్వాత ఇద్దర్నీ హెల్మెట్, బూట్లు, జాకెట్లతో సహా కూర్చోబెట్టి మళ్లీ కొలిచాం. సస్పెన్షన్‌కి ఉన్న ప్రయాణంలో సగానికి పైగా కూర్చోవడంతోనే అయిపోయింది. ఇక గుంట వస్తే నొక్కుకోవడానికి మిగిలిందెంత? కిందికి వంగి చూస్తే టార్షన్ స్ప్రింగ్ కాలు ఆనే కామ్ (తిప్పి గట్టితనం మార్చే దిమ్మ) మెత్తటి వైపే ఉంది. అంతకు ముందు యజమాని ఒంటరిగా తిరిగేవాడై ఉంటాడు. స్పార్క్ ప్లగ్ పానా వేసి కామ్‌ని గట్టి వైపుకి తిప్పాం. మళ్లీ కూర్చోబెట్టి కొలిస్తే లెక్క దారిలోకి వచ్చింది. అట్టపెట్టె విప్పకుండానే తిరిగి వెళ్లిపోయింది.

ఇలా కూర్చున్నప్పుడు దిగే ఎత్తునే సాగ్ అంటాం. వెనక మొత్తం ప్రయాణంలో పావు నుంచి మూడో వంతు మధ్య దిగితే సుమారుగా సరే. మీ మోడల్‌కి మాన్యువల్‌లో అంకె ఇచ్చి ఉంటే అదే పట్టుకోండి.

మనవాళ్లలో దీనికి తలకిందులు కేసే ఎక్కువ. అరవై, అరవై అయిదు కిలోల మనిషి. కంపెనీ స్ప్రింగులు ఇక్కడి సగటు ఒడ్డూపొడుగును లెక్కలో పెట్టుకుని ఇచ్చినవి. ఆయన కూర్చుంటే బండి అంగుళం కూడా దిగదు. ప్రతి ఎగుడుదిగుడూ నడుముకే తెలుస్తుంది. "స్టాక్ షాకులు చెత్త అన్నా" అంటాడు. షాకులది తప్పు కాదు, ఆయన బరువుకి పలచటి స్ప్రింగులు కావాలి. కొత్త షాకుల సెట్ ధరలో చిన్న భాగంతో అయిపోయే పని. ఖరీదైన షాకులే వేయించినా స్ప్రింగులు ఆయన బరువుకి ఎంచకపోతే అదే దెబ్బ తింటాడు, మెరిసే రంగుల్లో.

అపోహ: స్ప్రింగును ముందే నొక్కి పట్టే ప్రీలోడ్ రింగు బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడుతుంది.

గట్టిపడదు. మామూలు కాయిల్ స్ప్రింగ్‌లో అంగుళం నొక్కడానికి ఎంత బలం కావాలో, రింగు బిగించాక కూడా అంతే కావాలి. మారేది బండి నిలిచే ఎత్తు, కదలిక మొదలయ్యే చోటు. రింగు మరలన్నీ దాదాపు అయిపోయేదాకా బిగిస్తే తప్ప సాగ్ సరిగ్గా రావట్లేదంటే ఆ స్ప్రింగ్ మీది కాదు. అసలు గట్టితనం ఎక్కువగా తీగ మందంలో ఉంటుంది, అదీ నాలుగో ఘాతంలో. చుట్ల సంఖ్య, చుట్టు వెడల్పు అలాగే ఉంచి తీగ 10 శాతం లావు చేస్తే స్ప్రింగ్ దాదాపు 46 శాతం గట్టిపడుతుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు స్ప్రింగులు నడకలో పూర్తిగా వేరుగా ఉండేది ఇందుకే.

అపోహ: హై స్పీడ్ క్లిక్కర్ వేగంగా నడిపేవాళ్లకి, లో స్పీడ్ క్లిక్కర్ మెల్లగా వెళ్లేవాళ్లకి.

క్లిక్కర్ అంటే షాకు అడ్డుని పెంచే, తగ్గించే మర. ఆ స్పీడ్ బండిది కాదు, షాకు లోపలి రాడ్‌ది. గంటకు 20 మైళ్ల మీద వెళ్తూ గడ్డకట్టిన మంచు అంచుని కొడితే రాడ్ ఒక్కసారిగా లోపలికి దూసుకుపోతుంది. అది హై స్పీడ్. 60 మైళ్ల మీద పొడవాటి అలలాంటి దిబ్బ ఎక్కి దిగితే రాడ్ నిదానంగా కదులుతుంది. అది లో స్పీడ్. మలుపులో బండి ఒరగడం, గ్యాస్ ఇచ్చినప్పుడు వెనక దిగడం కూడా లో స్పీడ్ కిందికే వస్తాయి. కాబట్టి చేతులకి టకటకమని తగిలే చిన్న గట్టి గుంటలే మీ బాధైతే లో స్పీడ్ క్లిక్కర్ ఎన్నిసార్లు తిప్పినా పెద్దగా ఒరిగేది లేదు.

రీబౌండ్, అంటే నొక్కుకున్న షాకు తిరిగి సాగడం, దీనికంటే ముఖ్యం. శనివారం పొద్దున ట్రైల్ నున్నగా ఉంటుంది, రాత్రి మంచు చదును చేసే గ్రూమర్ తిరిగి ఉంటుంది కాబట్టి. మధ్యాహ్నానికి వందల బండ్లు పోయాక మోకాలెత్తు దిబ్బలు వరసగా లేస్తాయి. వాటి మీద రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉంటే, ఒక దిబ్బకి నొక్కుకున్న సస్పెన్షన్ పూర్తిగా తేరుకోకముందే తర్వాతది వచ్చి కొడుతుంది. అలా దిగుతూ దిగుతూ నాలుగైదు దిబ్బల తర్వాత కదలడానికి చోటే ఉండదు. నడిపేవాడికి "గట్టిగా ఉంది" అనిపిస్తుంది. కంప్రెషన్, అంటే నొక్కుకునేటప్పటి అడ్డు, తగ్గిస్తాడు. ఇంకా త్వరగా అడుగంటుతుంది. అక్కడ తగ్గించాల్సింది రీబౌండ్ అడ్డు. మరీ వేగంగా పెడితే మాత్రం సీటు వీపున తన్నుతుంది, అది వెంటనే తెలిసిపోతుంది.

ఏ క్లిక్కర్ అయినా ముందు మెల్లగా పూర్తిగా మూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఒకసారికి ఒకటే మార్చండి. అదే ట్రైల్ ముక్క మీద మళ్లీ తిరగండి. షాపువాళ్లం కూడా ఇంతకంటే మంత్రాలేవీ వేయం.

అపోహ: నైట్రోజన్ ఉందంటే మంచి షాకు.

పల్సర్ నడిపిన తరానికి ఇది బాగా నాటుకుంది. వెనక షాకు పక్కన చిన్న డబ్బా, దాని మీద నైట్రాక్స్ అన్న స్టిక్కర్ చూసి కాలేజీ రోజుల్లో మురిసిపోయినవాళ్లం. నైట్రోజన్ మంచిదే, కానీ అది కుదుపు ఆపదు. కుదుపు ఆపేది పిస్టన్‌కి అంటుకుని ఉండే పలచటి ఉక్కు బిళ్లల దొంతర. నూనె ఆ బిళ్లలను వంచుకుంటూ దారి చేసుకుని పోవాలి. నైట్రోజన్ ఒత్తిడి పని ఆ నూనెలో బుడగలు పుట్టకుండా చూడటం. గాలి బదులు నైట్రోజనే ఎందుకంటే దానిలో తేమ ఉండదు, నూనెను పాడుచేసే ఆక్సిజన్ ఉండదు. 200 పీఎస్ఐ నింపిన షాకులో అర అంగుళం రాడ్‌ని ఆ వాయువు బయటికి తోసే బలం దాదాపు 40 పౌండ్లు. అంతే.

షాకు నడవడిక మార్చాలంటే ఆ బిళ్లలు మార్చాలి. ఒక్కో బిళ్ల గట్టితనం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది: 0.15 మిల్లీమీటర్ల బిళ్ల తీసి 0.20 వేస్తే అది రెండు రెట్లకు పైగా మొండికేస్తుంది. మీ దగ్గర ఇప్పటికే విప్పి బాగుచేయగల షాకులు ఉంటే, మీ బరువుకీ దారికీ ఈ దొంతర మార్పించుకోవడం చాలాసార్లు కొత్త సెట్ కంటే తెలివైన బేరం. ఇంట్లో మాత్రం విప్పకండి. లోపల ఒత్తిడి ఉండగా మూత విప్పితే అది తుపాకీ గుండే.

అపోహ: స్ప్రింగుకి బదులు గాలి ఉండే షాకులు తేలిక, కాబట్టి అందరికీ అవే మేలు.

మోంటానాలోని వెస్ట్ యెల్లోస్టోన్, కెనడాలోని రెవెల్‌స్టోక్ లాంటి చోట్ల లోతైన పొడి మంచులో కొండలెక్కేవాళ్లకి ఆ తేలిక నిజంగా అక్కరకొస్తుంది. కాయిల్ స్ప్రింగు బరువు పోతుంది, పైనుంచి దూకినప్పుడు చివర్లో గాలి తనంతట తాను గట్టిపడి అడుగు తగలనివ్వదు. పంపు జేబులో ఉంటే చాలు, స్ప్రింగు మార్చినట్టే.

మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ ట్రైల్ మీద వ్యవహారం వేరు. ఒక లెక్క చూడండి. వేడి గ్యారేజీలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 80 పీఎస్ఐ పెట్టారు. బయట మైనస్ 25. అదే గాలి అక్కడ సుమారు 65 పీఎస్ఐ చూపిస్తుంది. ఎక్కడా లీకు లేదు, చలికి గాలి ముడుచుకుందంతే. ఇంట్లో సరిపోయిన బండి పార్కింగ్ లాట్‌లో కూలబడుతుంది, నాకు ఫోన్ వస్తుంది. బండిని గంటసేపు బయట ఉంచాకే గాలి సరిచూడాలి. పైగా గాలిని ఆపే సీళ్లు రాడ్‌ని గట్టిగా పట్టి ఉంచడం వల్ల చిన్న చిన్న గతుకులకి షాకు వెంటనే కదలదు. రోజుకు వంద మైళ్లు ట్రైల్ మీదే తిరిగేవాళ్లకి నేను కాయిల్ షాకులే చెబుతాను.

అపోహ: పొడవు సరిపోయి బోల్టు పడితే చాలు.

ఇది సెకండ్‌హ్యాండ్ షాకులు కొనేవాళ్ల జబ్బు. ఒక కంపెనీ స్లెడ్‌ది ఇంకోదానికి: పోలారిస్ మీదది స్కీ-డూకి, ఆర్కిటిక్ క్యాట్ మీదది ఇంకోదానికి. రెండు చివర్ల బోల్టు కన్నాల మధ్య పొడవు ఒకటే ఉండొచ్చు, కానీ షాకు ఒక అంగుళం నొక్కుకుంటే స్కీ ఎన్ని అంగుళాలు లేస్తుందనేది బండికి బండికి మారుతుంది. ఆ నిష్పత్తి రెండు అనుకుంటే స్ప్రింగ్ గట్టితనం స్కీ దగ్గరకొచ్చేసరికి నాలుగో వంతే. ఒకటిన్నర అయితే దాదాపు 44 శాతం. ఒకే షాకు ఒక బండి మీద మెత్తటి పరుపు, ఇంకో బండి మీద బండరాయి. కాస్త పొడవైంది వేస్తే ప్రయాణం పెరుగుతుందనుకునేవాళ్లూ ఉన్నారు. పూర్తిగా సాగినప్పుడు బాల్ జాయింట్లు తాము తిరగగలిగిన కోణం దాటి బిగుసుకుంటాయి. స్కీని పట్టి ఉంచే ఇనుప చేయి ఊడితే షాకు ధర గుర్తు రాదు.

అపోహ: రేసు షాకు అంటే అన్నింటికీ పైమెట్టు.

స్నోక్రాస్ (దిబ్బల మీద దూకే స్నోమొబైల్ రేసు) షాకుని రెండంతస్తుల ఎత్తు నుంచి దిగేవాడి కోసం కడతారు. అది వేసుకుని మీరు పిల్లల్ని తీసుకుని ట్రైల్ మీద వెళ్తే సాయంత్రానికి అందరికీ నడుము నొప్పి. పక్కన వేలాడే డబ్బా, అంటే రిజర్వాయర్, మాత్రం ఉత్త సోకు కాదు. నూనె ఎక్కువ పడుతుంది, వేడి నెమ్మదిగా ఎక్కుతుంది, కంప్రెషన్ క్లిక్కర్‌కి చోటు దొరుకుతుంది. గతుకుల ట్రైల్ మీద నిలబడి నడిపేవాళ్లకి అది అవసరం. వారానికోసారి గడ్డకట్టిన చెరువు మీద చేపలకి వెళ్లేవాడికి అనవసరం.

అపోహ: చిక్కటి నూనె పోస్తే షాకు గట్టిపడుతుంది.

బైకు ఫోర్కుల్లో ఆయిల్ మార్చిన అలవాటు ఇది. మన ఊళ్లలో నలభై డిగ్రీల ఎండ, ఇక్కడ మైనస్ ముప్పై. ఇదే రాష్ట్రంలో టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారెన్‌హీట్ నమోదైంది. అలాంటి చలిలో చిక్కటి నూనె తేనెలా పాకుతుంది, మొదటి మైలు బండి కర్రలా ఉంటుంది, వేడెక్కాక మళ్లీ మామూలే. వేడికీ చలికీ చిక్కదనం తక్కువగా మారే షాకు నూనె పోసి, మిగతాది బిళ్లల దొంతరకి వదిలేయాలి.

అపోహ: కారడం లేదు కదా, షాకు బాగానే ఉంది.

పైన పటారం, లోన లొటారం. రెండు మూడు సీజన్లు ముట్టుకోని షాకు విప్పితే, పారదర్శకంగా ఉండాల్సిన నూనె బూడిద రంగు బురదలా జారుతుంది, మాడు వాసన వేస్తుంది. వేలికి రుద్దితే అల్యూమినియం పొడి మెరుస్తుంది. ఇది నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలియదు. నేనైతే సీజన్‌కోసారి, లేదా 1,500 నుంచి 2,000 మైళ్లకోసారి షాకు విప్పి రీబిల్డ్ (నూనె, సీళ్లు మార్చడం) చేయించమంటాను. తెరిచిన ట్రైలర్ మీద ఉప్పు చల్లిన హైవేల్లో లాక్కొచ్చేవాళ్లు ఇంటికి రాగానే షాకులు మంచినీళ్లతో కడగాలి. ఉప్పుకి రాడ్ మీద సూదిమొనంత గుంట పడినా చాలు, కొత్త సీలుని కూడా కోసేస్తుంది. స్కిడ్ పివట్లకి, అంటే కీళ్లకి, గ్రీజు కొట్టించడమూ మరవొద్దు. ఎండిపోయిన బుష్‌ని పోయిన షాకు అనుకుని వచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు.

అపోహ: మలుపులో స్కీ పట్టట్లేదు, ముందు షాకులు మార్చాలి.

ముందు స్కీ కింద మంచుని కోసి పట్టు ఇచ్చే గట్టి అంచు, కార్బైడ్, చూడండి, అరిగి గుండ్రమైందేమో. తర్వాత స్కిడ్ ముందు భాగాన్ని పట్టి ఉంచే లిమిటర్ స్ట్రాప్. దాన్ని ఒక రంధ్రం కురచ చేస్తే స్కీల మీద బరువు పెరుగుతుంది. పది నిమిషాల పని.

ఇవన్నీ దాటి వచ్చి, కొత్త సెట్ నిజంగా కావాల్సిందే అని తేలితే ఫాక్స్, వాకర్ ఎవాన్స్, ఓలిన్స్, ఎల్కా ఏదైనా బాగానే ఉంటుంది. కట్టేవాడికి చెప్పాల్సినవి: గేర్‌తో సహా మీ బరువు, వెనక ఎవరైనా కూర్చుంటే వాళ్ల బరువు, బండి సంవత్సరం, చాసీ, ట్రాక్ పొడవు, ఎక్కువగా తిరిగే చోటు. ఇవేవీ అడగకుండా కార్డు నంబర్ అడిగేవాడి దగ్గర కొనకండి. మీ ఊరి దగ్గర ఆ బ్రాండ్‌ని విప్పి రీబిల్డ్ చేసేవాళ్లున్నారో లేదో కూడా కనుక్కోండి. ఆర్డర్ వేసవిలోనే పెట్టండి. మొదటి మంచు పడ్డాక అందరూ వరసలో ఉంటారు. తీసేసిన స్టాక్ షాకులు పారేయకుండా ఆ అట్టపెట్టెలోనే దాచండి. రేపు బండి అమ్మేటప్పుడు అవి తిరిగి బిగించి, మీ బరువుకి కట్టించుకున్న సెట్‌ని మీ బరువే ఉన్న ఇంకొకరికి విడిగా అమ్ముకోవచ్చు.