వంద దాకా ఒప్పజెప్పింది, ఆరు పిక్కలు ఇవ్వలేకపోయింది: చిన్నపిల్లల చదువుపై అపోహలు - వాస్తవాలు

మా బడి కోనసీమలో, గోదావరి మధ్యనున్న ఒక లంక ఊళ్ళో ఉంది. మామూలు రోజుల్లో పంటు (బల్లకట్టు) మీద దాటతాం, వరదొస్తే పడవే గతి. పందొమ్మిదేళ్ళుగా ఒకటి, రెండు తరగతులకే చెబుతున్నాను. అంగన్‌వాడీ పక్క గదిలోనే ఉంది కాబట్టి మూడేళ్ళప్పటి నుంచీ పిల్లలు నా కళ్ళముందే ఉంటారు. కింద రాసిన అపోహల్లో సగం తల్లిదండ్రులవి. మిగతా సగం ఒకప్పుడు నావే.

అపోహ: "వంద దాకా గడగడా చెప్పేస్తుందండీ, లెక్కలు వచ్చేసినట్టే."

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఇన్‌స్పెక్షన్‌కి ఒక పెద్దాయన వచ్చారు. నేను గర్వంగా అయిదేళ్ళ పిల్లని నిలబెట్టాను. ఒకటి నుంచి వంద దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. ఆయన నేల మీద చతికిలబడి, మూలనున్న చింతపిక్కల డబ్బా బోర్లించి, "నాకో ఆరు పిక్కలు ఇవ్వమ్మా" అన్నారు. పిల్ల గుప్పెడు తీసి ఆయన చేతిలో పోసింది. పదకొండు ఉన్నాయి. "ఇవెన్ని?" అంటే మళ్ళీ మొదలుపెట్టింది. నోరు ఒక దారి, వేలు ఒక దారి. నోరు తొమ్మిది అనేసరికి వేలు పిక్కలన్నీ దాటేసి నేల మీదుంది. ఆయన నన్నేమీ అనలేదు. "పాట బాగా పాడింది" అన్నారు, అంతే. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వాస్తవం ఏమిటంటే, అంకెలు వరసగా చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో లెక్కపెట్టడాన్ని అయిదు సూత్రాలుగా విడదీశారు. అంకెల వరస మారకూడదు. ఒక్కో వస్తువుకి ఒక్కటే అంకె. ఆఖర్న చెప్పిన అంకే మొత్తం. పిక్కలైనా చప్పట్లైనా ఏదైనా లెక్కపెట్టొచ్చు. ఎటువైపు నుంచి మొదలెట్టినా మొత్తం మారదు.

పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది మూడో సూత్రం దగ్గర. అయిదు పిక్కలు చక్కగా లెక్కపెడతాడు. "అయితే ఎన్ని ఉన్నాయిరా?" అనగానే మళ్ళీ ఒకటి నుంచి ఎత్తుకుంటాడు. 'అయిదు' అంటే ఆ ఆఖరి పిక్క పేరు కాదు, అన్నీ కలిపితే అయిదు అన్న సంగతి ఇంకా అందలేదన్నమాట. అందుకే నేను "లెక్కపెట్టు" అనడం తగ్గించి "ఇన్ని ఇవ్వు" అని అడుగుతాను. ఇవ్వాలంటే సరైన చోట ఆగాలి కదా. ఆగడం తెలిసిందంటే లెక్క తెలిసినట్టే.

దీనికి మందు మన ఇళ్ళల్లోనే ఉంది. వామనగుంటల్లో గుంటకో పిక్క చొప్పున వేసుకుంటూ పోవడమంటే ఒక్కో వస్తువుకి ఒక్కో అంకె అన్న సూత్రమే. అష్టాచెమ్మాలో గవ్వలు పడగానే పిల్లలు వేలు పెట్టి లెక్కించరు, చూసి "మూడు!" అంటారు. మూడు నాలుగు వస్తువుల దాకా ఒక్క చూపులో ఎన్నో పట్టేయడం కూడా గణితంలో ఒక మెట్టే. ఇంట్లో నాయనమ్మ ఉండి ఈ ఆటలు ఆడించిన పిల్లలు మా బడికి రాగానే తెలిసిపోతారు.

అపోహ: "ఇరవై ఒకటిని 201 అని రాశాడంటే చదువు అబ్బనట్టే."

అబ్బినట్టు. వాడు విన్నది విన్నట్టు రాశాడు: ఇరవై అంటే 20, పక్కన ఒకటి. నిజానికి తెలుగు అంకెల పేర్లు పిల్లలకి సాయం చేస్తాయి. పద్నాలుగులో ముందు పది, తర్వాత నాలుగు వినబడతాయి. ఇంగ్లీషు ఫోర్టీన్‌లో నాలుగే ముందొస్తుంది, అందుకే ఆ మాట విని 41 రాసేవాళ్ళుంటారు. మన భాషలో రావాల్సిందల్లా ఇరవైలోని సున్నా ఎక్కడికి పోయిందన్నదే.

కొబ్బరి చెట్లకి మా ఊళ్ళో కొదవా? ఈనెపుల్లలు తెచ్చి, పదేసి కట్టలు కట్టి రబ్బరు బ్యాండు వేయిస్తాను. ఆ కట్టలు పిల్లలే కట్టాలి. నేను కట్టిచ్చిన ఏడాది ఒక్కడికీ ఎక్కలేదు. రెండు కట్టలు, ఒక విడిపుల్ల. ఆ తర్వాత 20 అని రాసిన అట్టముక్క మీద సున్నా కనపడకుండా 1 అట్టముక్క పెట్టిస్తాను. "సున్నా పోలేదండీ, ఒకటి కింద దాక్కుంది" అని ఒక పిల్ల తనంతట తనే అంది. నేను ఆ మాటనే ఏటా వాడుకుంటున్నాను.

అపోహ: "అ ఆ ఇ ఈ నుంచి ఱ దాకా వరసగా వచ్చాకే మాటలు చదవాలి."

ఇది తీసేయడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మనందరం అలాగే చదువుకున్నాం. వర్ణమాల వరస తప్పు కాదు, గొప్పది. కానీ అది నోటి లోపల శబ్దం పుట్టే చోట్లని బట్టి పేర్చిన వరస, అయిదేళ్ళ పిల్లకి చదవడం నేర్పడానికి పేర్చింది కాదు. తెలుగులో అచ్చుల అక్షరాలు దాదాపుగా మాట మొదట్లోనే కనిపిస్తాయి. తర్వాతంతా గుణింతపు గుర్తులే. అచ్చులన్నీ నెలన్నర దిద్దిన పిల్ల చేతిలో పుస్తకం పెడితే చదవడానికి ఒక్క మాటా దొరకదు. పైగా అందరం మొదట నేర్పే 'అమ్మ'లో ఒత్తు ఉంది!

నేను పడవతో మొదలుపెడతాను. ప, డ, వ. మూడింటికీ తలకట్టే, గుణింతం లేదు, ఒత్తు లేదు. ఆ పక్కనే వల, వరద, కడవ, తల, పలక. పది అక్షరాలు కూడా రాకముందే పిల్ల ఇన్ని మాటలు చదివేస్తుంది, అన్నీ తనకి తెలిసినవే. ఙ, ఞ తర్వాత చూసుకోవచ్చు, అవేం తొందరపడవు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది: ప, ష లాంటివి, వ, మ లాంటివి ఒకే వారంలో నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది.

అక్షరానికి ముందు చెవి తయారవ్వాలి. గో-దా-వ-రి అని నాలుగు చప్పట్లు కొట్టడం, 'పలక'లో మొదటిది మింగేస్తే ఏం మిగిలిందో చెప్పడం. పెద్ద క్లాసు పిల్లలు మాకు అర్థం కాకూడదని క-భాషలో "కపకడకవ" అంటూ మాట్లాడుకుంటారు చూడండి, అది అల్లరే గానీ మాటని అక్షరం అక్షరంగా విడదీయడం వచ్చిన పిల్లలే చేయగలిగిన అల్లరి.

ఒత్తుల దగ్గర ఒక తప్పు ప్రతి ఏడూ వస్తుంది. 'చెట్టు'ని "చె-టు-ట" అని చదువుతారు. పిల్ల కంటికి కనిపించింది అదే: పైన టు, కింద ట. కొమ్ము పైఅక్షరానికి ఉన్నా, పలికేటప్పుడు ఒత్తు ముందొచ్చి 'ఉ' ఆఖర్న వస్తుందని ఎవరో ఒకరు చూపించాలి. "సరిగ్గా చూడు" అని కసిరితే ఏం లాభం, చూసే కదా చదివింది.

అపోహ: "అక్షరాభ్యాసం అయిపోయింది, ఇక రోజూ పలక నిండా రాయించాలి."

మూడేళ్ళ పిల్లాడి వేళ్ళకి, మణికట్టుకి ఇంకా ఆ బలం ఉండదు. అక్షరాభ్యాసం రోజు పళ్ళెంలో బియ్యం మీద వేలితో దిద్దిస్తాం చూడండి, ఆ పద్ధతే కొన్నాళ్ళు కొనసాగించమంటాను. ఏటిగట్టున దొరికే బంకమట్టితో పాములు, ఉండలు చేయడం, పూలు గుచ్చడం, చుక్కలు కలపడం, ఇవన్నీ రాతకి ముందు పనులే. "టీచరు గారండీ, ఆడించడానికేనా పంపింది?" అని ఒక తండ్రి నిలదీశారు. అవునన్నాను. జాతీయ విద్యా విధానం 2020 కూడా 3 నుంచి 8 ఏళ్ళ దాకా పునాది దశ అనే అంది. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం అడిగింది 2026-27 నాటికి మూడో తరగతి ముగించే పిల్ల అర్థం చేసుకుంటూ చదవాలని, మామూలు లెక్కలు చేయాలని. మూడేళ్ళకే రాయమని ఎవరూ అడగలేదు.

అపోహ: "ఇంట్లో తెలుగు మానేస్తేనే ఇంగ్లీషు వస్తుంది."

"హ్యాండ్స్ వాష్ చేసుకుని రైస్ తిను" అంటే అది ఏ భాషా కాదు. ఎక్కువ, తక్కువ, మధ్యలో, ఇంకా ఎన్ని, ఇవి పిల్లకి తెలిసిన భాషలో పాతుకోవాలి. 'లెస్' అంటే తెలియక తప్పు చేసిన పిల్లని మనం లెక్క రాదనుకుంటున్నాం. అదే ప్రశ్న తెలుగులో అడిగి చూడండి. మన ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఎలాగూ ఉంది, ఆ ఎదురు పేజీని వాడుకోండి.

అపోహ: "వేళ్ళ మీద లెక్కపెడితే మొద్దు."

వేళ్ళు దేవుడిచ్చిన పూసల చట్రం. ఒకటో తరగతిలో నిక్షేపంగా వాడనివ్వండి, అవసరం తీరాక వాళ్ళే మానేస్తారు.

అపోహ: "అక్షరాలు తిరగేసి రాస్తే ఏదో జబ్బు."

అయిదారేళ్ళ వయసులో 3ని అటు తిప్పి రాయడం మామూలే. చెంబు ఎటు తిప్పినా చెంబే కదా, అంకె మాత్రం తిప్పితే మారుతుందని అలవాటు కావాలి. రెండో తరగతి అయిపోతున్నా తగ్గకపోతే, చదవడంలో కూడా బాగా వెనకబడితే, ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించమంటాను. ఒక పిల్లాడు బోర్డు మీదవన్నీ తప్పులు దించేవాడు. బద్ధకం అనుకుని నేనూ చాలాసార్లు కసిరాను. తీరా చూస్తే చూపు సమస్య. కళ్ళజోడు వచ్చిన వారంలోనే వెనక బల్ల నుంచి లేచి, "టీచరు గారండీ, కథలో 'థ'కి చుక్క పెట్టలేదండీ" అన్నాడు. తిరిగి చూస్తే నిజమే, బోర్డు మీద 'కధ' అని రాసింది నేనే.